ఏం పోయిందో కాదు.. ఎందుకు పోయిందో చెప్పగలరా?

*చేతిలో ఈసీఈ పట్టానో, డిప్లొమానో, ఐటీఐ సర్టిఫికెట్టో ఉంటుంది. కానీ పాడైన బోర్డు ఒకటి ముందుపెట్టి ‘లోపమెక్కడుందో చూడు’ అంటే చేయి ముందుకు రాదు. హార్డ్‌వేర్ ఇంటర్వ్యూల్లో చాలామంది ఆగిపోయేది ఇక్కడే. ఈ బెరుకు పోగొట్టుకోవడానికి పెద్ద ఫీజుల కోర్సే అక్కర్లేదు. బొమ్మ రైలును నడిపే చిన్న కంట్రోలర్ చాలు. దాన్ని తయారుచేయడం, పాడుచేయడం, మళ్లీ బాగుచేయడం ఎలాగో.. ఆ పని మిమ్మల్ని ఎక్కడిదాకా తీసుకెళ్లగలదో చూద్దాం!*

ఉదయం తొమ్మిదింటికి మూసాపేట మెట్రో స్టేషన్ ఎక్కి చూడండి. ఒకవైపు కూకట్‌పల్లి హాస్టళ్లు, ఇంకోవైపు అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు. మధ్యలో వీపున బ్యాగుతో మీలాంటివాళ్లే. ఎలక్ట్రానిక్స్ చదివి, ‘ఎందుకైనా మంచిది’ అని ఏదో ఒక సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరినవాళ్లు వాళ్లలో ఎంతోమంది. అందులో తప్పేం లేదు. అయితే ఒక్కసారి ప్లాట్‌ఫామ్‌కి వస్తున్న ఆ రైలును గమనించండి. పైన తీగలో 25 వేల వోల్టుల ఏసీ. దాన్ని కిందికి దించి, ముక్కలు ముక్కలుగా స్విచ్ చేసి, మోటార్లకు కావాల్సినంతే అందించేది మీ సబ్జెక్టే. పరీక్షలో ‘పవర్ ఎలక్ట్రానిక్స్’ అని రాసి మర్చిపోయింది ఇదే.

ఇదే సూత్రం హాస్టల్ గదిలో బల్ల మీద 12 వోల్టులతోనూ పనిచేస్తుంది. ప్రాణభయం లేకుండా నేర్చుకోవచ్చు.

ఏంటీ కంట్రోలర్?

బొమ్మ రైళ్లంటే పిల్లల ఆటే కాదు. పట్టాల వెడల్పు సరిగ్గా 16.5 మిల్లీమీటర్లు, బండి అసలు దానిలో 87వ వంతు.. ఇలా కొలతల ప్రకారం తయారుచేసే మోడల్ రైళ్లు ప్రపంచమంతటా పెద్ద హాబీ. ఈ కొలతను హెచ్‌ఓ స్కేల్ అంటారు. అమెరికాలో నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ అనే సంస్థ 1935 నుంచీ ఉంది. ఈ రైళ్ల ప్రమాణాలను అదే రాస్తుంది.

రెండు పట్టాల్లోకి కరెంటు ఇస్తే, చక్రాల ద్వారా అది ఇంజిన్‌లోని చిన్న డీసీ మోటారుకు చేరుతుంది. ఎంత వేగం, ఎటువైపు అన్నది నిర్ణయించే పెట్టే కంట్రోలర్. ఇవి మూడు రకాలు.

లీనియర్: పాత పద్ధతి. 20 వోల్టులు వస్తుంటే 8 వోల్టులు రైలుకిచ్చి, మిగతా 12 వోల్టులను ట్రాన్సిస్టర్ మీద వేడిగా వృథా చేస్తుంది. ఒక ఆంపియర్ నడిస్తే 12 వాట్ల వేడి! అందుకే వీటిలో పెద్ద హీట్ సింక్ కనిపిస్తుంది.

పీడబ్ల్యూఎం: వోల్టేజీని తగ్గించదు. సెకనుకు వందలు, వేల సార్లు ఆన్-ఆఫ్ చేస్తుంది. సగం సేపు ఆన్‌లో ఉంటే మోటారుకు సగటున సగం వోల్టేజీ అందినట్టు. వేడి తక్కువ. మెల్లగా నడిపినా బండి మొరాయించదు.

డిజిటల్: దీన్ని డీసీసీ అంటారు. పట్టాల్లో ఎప్పుడూ పూర్తి వోల్టేజీ ఉంటుంది, అదే కరెంటులో ఆదేశాలూ వెళ్తాయి. పల్స్‌లో ఒక్కో సగం 58 మైక్రోసెకన్లుంటే ‘1’, 100 లేదా అంతకన్నా ఎక్కువుంటే ‘0’. ఇంజిన్‌లో కూర్చున్న వేలిగోరంత డీకోడర్ తన నంబరుకొచ్చిన ఆదేశాన్నే తీసుకుంటుంది.

మీరు రెండో రకంతో మొదలుపెట్టండి. ఒక 555 ఐసీ, ఒక మాస్‌ఫెట్, ఒక పాట్, రెండు మూడు డయోడ్లు, కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు.. అంతే. 555 టైమర్ 1972లో మార్కెట్లోకొచ్చింది. ఇప్పటికీ ల్యాబుల్లో మొదట పరిచయమయ్యేది అదే. విడిభాగాలన్నీ పదుల రూపాయల్లోనే దొరుకుతాయి. మోడల్ రైలు కొనడం ఖరీదనుకుంటే, ఒక 12 వోల్టుల చిన్న మోటారు పెట్టుకోండి. కంట్రోలర్‌కు రెండూ ఒకటే. కరెంటు కోసం పాత వైఫై రౌటర్‌ది 12 వోల్టుల అడాప్టర్ చాలు.

ముందు లక్షణం.. తర్వాతే మీటరు

కొత్తగా నేర్చుకునేవాళ్లు చేసే మొదటి తప్పు, బోర్డు చేతికి రాగానే సోల్డరింగ్ ఐరన్ వేడిచేయడం. డాక్టరు ముందు నాడి చూస్తాడు, తర్వాతే సూది. మీరూ అంతే. ముందు బండి ఎలా ప్రవర్తిస్తోందో చూడండి. సగం జవాబు అక్కడే ఉంటుంది.

• అసలు కదలట్లేదు: ఫ్యూజు, అడాప్టర్ పిన్ను, సాకెట్ దగ్గర డ్రై సోల్డర్. ముందు లోపలికి కరెంటు వస్తోందో లేదో కొలవండి. మిగతావన్నీ ఆ తర్వాతే.

• నాబ్ సున్నాలో ఉన్నా ఫుల్ స్పీడులో పరుగెడుతోంది: మాస్‌ఫెట్ షార్ట్ అయ్యుండొచ్చు. ‘పోయిన పార్టు ఆగిపోతుంది’ అనుకుంటాం. పవర్ పార్టులు చాలాసార్లు తెరుచుకున్న గేటులా పోతాయి.

• ఒక చోటికి రాగానే కుదుపు: పాట్ లోపల కార్బన్ ట్రాక్ అరిగిందో, దుమ్ము చేరిందో. క్లీనర్ స్ప్రే చేసి పదిసార్లు తిప్పి చూడండి.

• ఒకవైపే వెళ్తోంది: దిశ మార్చే స్విచ్‌లో కాంటాక్ట్ పోయింది. హెచ్-బ్రిడ్జ్ ఉన్న బోర్డయితే అందులో ఒక జత పనిచేయట్లేదు.

• లాగలేకపోతోంది, గుయ్‌మంటోంది: ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాత కంట్రోలర్లలో ఫిల్టర్ కెపాసిటర్ ఎండిపోయిందో, బ్రిడ్జ్‌లో ఒక డయోడ్ ఓపెనయ్యిందో.

ఇప్పుడు మల్టీమీటర్ తీయండి. మాస్‌ఫెట్‌ను చూడాలంటే ముందు కరెంటు తీసేసి, మోటారు విడదీయండి. దాని మూడు కాళ్లనూ ఒకసారి కలిపి షార్ట్ చేయండి. గేటులో మిగిలిన చార్జి పోతుంది. లేకపోతే మంచి మాస్‌ఫెట్ కూడా పాడైనట్టు కనిపించి మోసం చేస్తుంది. తర్వాత డయోడ్ మోడ్‌లో డ్రెయిన్, సోర్స్ మధ్య కొలవండి. ఒకవైపు 0.4-0.6 వోల్టులు, ఇంకోవైపు ‘ఓఎల్’ చూపిస్తే ఆ రెండు కాళ్ల మధ్య షార్ట్ లేనట్టు. రెండువైపులా సున్నాకి దగ్గరగా చూపించి బీప్ కొడితే అది పోయినట్టే.

అసలు పాఠం ఆరో నిమిషంలో..

మీరు మాస్‌ఫెట్ తీసేశారు. కొత్తది వేశారు. మోటారు హాయిగా తిరిగింది. నాబ్ చెప్పినట్టు వింటోంది. ఫ్రెండ్‌ని పిలిచి చూపించారు. అయిదు నిమిషాలు బాగానే నడిచింది. ఆరో నిమిషంలో మళ్లీ అదే.. నాబ్ సున్నాలో ఉన్నా ఫుల్ స్పీడు!

ఇక్కడ చాలామంది ‘డూప్లికేట్ పార్టు ఇచ్చాడు’ అని షాపువాణ్ని తిట్టుకుని ఇంకొకటి కొంటారు. అది కూడా పోతుంది. ఆగి ఆలోచించేవాళ్లే టెక్నీషియన్ అవుతారు.

మోటారంటే తీగచుట్ట. అందులో నడుస్తున్న కరెంటును ఒక్కసారిగా ఆపితే అది ఊరుకోదు, పెద్ద వోల్టేజీ స్పైక్‌ను వెనక్కి కొడుతుంది. పీడబ్ల్యూఎంలో ఇది సెకనుకు వేలసార్లు జరగొచ్చు. ఆ స్పైక్‌ను మింగడానికే మోటారుకు అడ్డంగా ఒక చిన్న డయోడ్ ఉంటుంది. దాని కాలు దగ్గర సోల్డర్ చూడటానికి బాగానే ఉంది. కానీ భూతద్దం పెట్టి చూస్తే కాలి చుట్టూ వెంట్రుకవాసి నల్లటి వలయం. డ్రై సోల్డర్! డయోడ్ మంచిదే, కానీ సర్క్యూట్‌లో లేనట్టే లెక్క. మీరు ఎన్ని మాస్‌ఫెట్లు వేసినా స్పైక్ వాటి మీదే పడుతుంది.

మీరు చేయాల్సిన అసలు రిపేరు ఆ కాలు దగ్గర మళ్లీ ఒక చుక్క సోల్డర్ వేయడం. మాస్‌ఫెట్ రోగం కాదు, రోగ లక్షణం.

ఇంకా రెండు అనుమానాలు మిగలాలి. మొదటిది, మాస్‌ఫెట్ పోయేటప్పుడు గేటు దగ్గరున్న రెసిస్టర్‌నీ, 555నీ తోడు తీసుకెళ్లిందా? రెండోది, పట్టాలు తప్పిన బండి చక్రం రెండు పట్టాలనూ కలిపి షార్ట్ చేసిందా? బొమ్మ రైళ్లలో ఇది తరచూ జరిగేదే. ఓవర్‌లోడ్ రక్షణ లేని కంట్రోలర్ దానికి ఒక్క క్షణంలో బలైపోతుంది. కాబట్టి ‘ఏం పోయింది’ దగ్గర ఆగొద్దు. ‘ఎందుకు పోయింది’ దాకా వెళ్లండి. రెండు ప్రశ్నల మధ్య దూరమే మీ జీతంలో తేడా.

చిన్న పార్టు.. పెద్ద జాగ్రత్త

చేయి కుదిరాక ఎస్‌ఎండీ పార్టుల్లోకి రండి. డిజిటల్ డీకోడర్లలో, మొబైళ్లలో ఉండేవి ఇవే. 0603 సైజు రెసిస్టరంటే 1.6 మిల్లీమీటర్ల పొడవు, 0.8 వెడల్పు. తుమ్మితే ఎగిరిపోతుంది. దాని మీద ‘103’ అని ఉంటే 10 పక్కన మూడు సున్నాలు, అంటే 10 కిలో ఓములు. ‘472’ అంటే 4.7 కిలో ఓములు.

• సీసం కలిసిన 63/37 సోల్డర్ 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. సీసం లేనిది సుమారు 217 దగ్గర. నేర్చుకోవడానికి మొదటిదే సులువు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి. పొగ పీల్చకుండా కిటికీ తెరిచి ఉంచండి.

• ఐరన్‌ను ఒకేచోట ఎక్కువసేపు ఆనిస్తే బోర్డు మీది రాగి ప్యాడ్ ఊడిపోతుంది. పార్టు పోతే ఇంకోటి దొరుకుతుంది, ప్యాడ్ పోతే కష్టం. ఫ్లక్స్ వేసి, రెండు మూడు సెకన్లలో పని ముగించడం అలవాటు చేసుకోండి.

• పాడైన బోర్డుల మీదే ప్రాక్టీస్ చేయండి. యాభై పార్టులు తీసి, మళ్లీ అక్కడే పెట్టండి. యాభై ఒకటోది వంకర లేకుండా కూర్చుంటుంది.

• 230 వోల్టుల వైపు ఇప్పుడే వద్దు. అడాప్టర్ విప్పకండి. రిపేరు షాపుల్లో సిరీస్ బల్బు పెట్టుకుని చెక్ చేస్తారు. షార్టుంటే బల్బు వెలుగుతుంది, బోర్డు కాలిపోదు. అది కూడా అనుభవమున్నవాళ్ల పక్కన నిలబడి నేర్చుకోవాల్సిన పనే. గదిలో ఒంటరిగా ప్రయోగాలు చేయొద్దు.

బల్ల మీంచి పట్టాల మీదికి..

‘బొమ్మ రైలు బాగుచేస్తే ఉద్యోగమెవరిస్తారు?’ అని ఇంట్లో అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు మన ఊళ్లోనే ఉంది.

రైళ్లు ఢీకొనకుండా ఆపే ‘కవచ్’ వ్యవస్థ గురించి వినే ఉంటారు. రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓ దాన్ని మూడు భారతీయ కంపెనీలతో కలిసి అభివృద్ధి చేసింది. మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్.. మూడూ హైదరాబాద్‌వే! ప్రయోగాలు జరిగింది దక్షిణ మధ్య రైల్వేలో. 2022 మార్చి 4న లింగంపల్లి-వికారాబాద్ సెక్షన్‌లో గుల్లగూడ, చిట్‌గిడ్డ స్టేషన్ల మధ్య ఒకే లైనులో రెండు ఇంజిన్లను ఎదురెదురుగా నడిపి చూపించారు. ముందున్న ఇంజిన్‌కి 380 మీటర్ల దూరంలో కవచ్ తనంతట తానే బండిని ఆపేసింది. సిగ్నల్ సిబ్బందికి శిక్షణ ఇచ్చే ఇరిసెట్ కూడా 1957 నుంచీ సికింద్రాబాద్‌లోనే ఉంది.

ఒక్క విషయం స్పష్టంగా తెలుసుకోండి. పట్టాల పక్కన సిగ్నల్ గదిలో ఎవరూ ఐరన్ పట్టుకుని చిప్పులు మార్చరు. భద్రతతో ముడిపడిన బోర్డు పాడైతే కార్డు మొత్తం తీసి కొత్తది పెడతారు, పాతది తయారీదారుకి వెళ్తుంది. అక్కడ బెంచ్ మీద దాన్ని పరీక్షించి, పాడైన పార్టును కనిపెట్టి, ఎందుకు పోయిందో రాసేవాళ్లు కావాలి. మీరు హాస్టల్ గదిలో డయోడ్ దగ్గర నేర్చుకున్నది ఈ పనికి మొదటి మెట్టు.

ఎవరికి ఏ దారి?

ఐటీఐ: ఎలక్ట్రానిక్స్ మెకానిక్ రెండేళ్ల ట్రేడు ఈ పనికి సూటిగా సరిపోతుంది. ఈసీఐఎల్, దక్షిణ మధ్య రైల్వే అప్రెంటిస్ నోటిఫికేషన్లలో ఈ ట్రేడు ఉంటుంది. స్టైపెండ్ ఇస్తారు, అసలు బోర్డులు చూసే అవకాశం వస్తుంది.

బీఎస్సీ: ఫిజిక్స్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్లు ఆర్‌ఆర్‌బీ టెక్నీషియన్ గ్రేడ్-1 (సిగ్నల్) పోస్టులకు పోటీపడొచ్చు. ఏడో వేతన సంఘం ప్రకారం మొదటి మూల వేతనం 29,200 రూపాయలు. గ్రేడ్-3 పోస్టులకైతే 19,900.

డిప్లొమా, బీటెక్: సిగ్నల్, టెలికం విభాగంలో జూనియర్ ఇంజినీర్ పోస్టులున్నాయి. మూల వేతనం 35,400 నుంచి. ప్రైవేటు కంపెనీల్లో టెస్ట్ ఇంజినీర్, రీవర్క్ టెక్నీషియన్, సర్వీస్ ఇంజినీర్, ఫెయిల్యూర్ అనాలిసిస్.. ఇలాంటి పేర్లతో వచ్చే ప్రకటనలను వదలొద్దు.

ప్రకటనల్లో ‘ఐపీసీ’ అని కనిపిస్తే కంగారుపడకండి, అది శిక్షాస్మృతి కాదు. ఎలక్ట్రానిక్స్ తయారీలో ప్రపంచమంతా వాడే ప్రమాణాలివి. సోల్డరింగ్ ఎలా ఉంటే అంగీకరించాలో ఐపీసీ-ఏ-610 చెబుతుంది. రిపేర్, రీవర్క్ ఎలా చేయాలో 7711/7721 చెబుతుంది. ఈ రెండు పేర్లూ, వాటిలో ఏముంటుందో తెలిసి ఇంటర్వ్యూకి వెళ్తే మీ మాటకు బరువొస్తుంది.

నిజం కూడా చెప్పుకోవాలి. మొదటి ఏడాది జీతం సాఫ్ట్‌వేర్ ఫ్రెండ్‌తో పోల్చుకునేలా ఉండకపోవచ్చు. ఈ రంగంలో విలువ అనుభవంతో పెరుగుతుంది. ‘నెలలో నేర్పిస్తాం, నూటికి నూరు శాతం ఉద్యోగం’ అని లక్షలు అడిగేవాళ్లు ఎదురైతే ముందు వాళ్ల ల్యాబు చూపించమనండి. ఒక్కో విద్యార్థికి ఒక్కో బెంచ్, మీటరు, పాడైన బోర్డులు కనిపించకపోతే నమస్కారం పెట్టి బయటికొచ్చేయండి.

మూసాపేట నుంచి ఎక్కడికెళ్లాలి?

విడిభాగాల కోసం కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లండి. మూసాపేటలో మెట్రో ఎక్కితే రైలు మారక్కర్లేదు, ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగి కాస్త నడిస్తే చాలు. పార్టు నంబరు కాగితం మీద రాసుకెళ్లండి. ‘అదేదో మూడు కాళ్లది కావాలి’ అంటే కౌంటర్ దగ్గర నవ్వులే మిగులుతాయి.

ఇంకా పెద్ద పరికరాలు చూడాలంటే రాయదుర్గంలో టీ-వర్క్స్ ఉంది. 2023 మార్చి 2న మొదలైన ఈ ప్రోటోటైపింగ్ కేంద్రానికి అమీర్‌పేటలో రైలు మారి రాయదుర్గం స్టేషన్‌కి వెళ్లాలి. మీ డిజైన్ ఒక స్థాయికి వచ్చాక అక్కడ ఎలాంటి అవకాశాలున్నాయో కనుక్కోండి. ఇక రోజూ దొరికే బడి ఒకటుంది.. మీ వీధిలోని టీవీ, ఇన్వర్టర్ రిపేరు షాపు. ‘అన్నా, సాయంత్రం రెండు గంటలు వచ్చి చూస్తా, డబ్బులొద్దు’ అని అడిగి చూడండి. ఆ బల్ల దగ్గర నేర్చుకునేది ఏ సిలబస్‌లోనూ ఉండదు.

డైరీయే మీ సర్టిఫికెట్

ఇవాళే ఒక రూళ్ల నోటు పుస్తకం కొనండి. ప్రతి రిపేరుకూ ఒక పేజీ. అందులో అయిదు గీతలు చాలు.

1. లక్షణం: ఏం జరుగుతోంది?
2. కొలత: ఎక్కడ, ఎంత వచ్చింది? ఎంత రావాలి?
3. అనుమానం: ఏది, ఎందుకు?
4. చేసింది: ఏం మార్చారు?
5. మూలం: అసలెందుకు పోయింది? మళ్లీ పోకుండా ఏం చేశారు?

ఓడిపోయిన రిపేర్లు కూడా రాయండి. మూడు నెలల్లో ఇరవై పేజీలు నిండినా చాలు. ఇంటర్వ్యూలో ‘ప్రాజెక్టు ఏం చేశావు?’ అని అడిగితే, అందరిలా కొనుక్కొచ్చిన ప్రాజెక్టు పేరు చెప్పక్కర్లేదు. ఆరో నిమిషంలో పోయిన మాస్‌ఫెట్ పేజీ తెరవండి. మొదట ఏమనుకున్నారో, ఎక్కడ పొరపాటు పడ్డారో, డయోడ్ కాలు దగ్గరికి ఎలా చేరారో రెండు నిమిషాల్లో చెప్పండి. ఎదురుగా ఉన్నాయన బెంచ్ మీద పనిచేసి వచ్చినవాడైతే వెంటనే ఇంకో ప్రశ్న వేస్తాడు. ఆ ప్రశ్నకు భయపడరు మీరు. ఎందుకంటే అది మీరు చేతులు కాల్చుకుని నేర్చుకున్న విషయం.

ఈ వారంలో ఒకరోజు కోఠి వెళ్లి రండి. రాత్రికల్లా మీ బల్ల మీద మోటారు తిరగాలి. అది పాడైన రోజే మీ అసలు చదువు మొదలవుతుంది.